కుందేళ్ల దీవిలో కూలిన రాట్నములు

న్యూయార్కు మహానగరమునకు దక్షిణపు కొసన, బ్రూక్లిన్ భాగము అట్లాంటిక్ మహాసముద్రమును తాకుచోట, కోనీ ఐలండ్ అను తీరప్రాంతము కలదు. ఒకనాడది నిజముగనే దీవి. తొలుత అచ్చట కాలూనిన డచ్చివారు కుందేళ్ల సంచారమును చూచి దానికాపేరు పెట్టిరని చెప్పుదురు. నడుమనున్న కాలువలో కొంతభాగమును పూడ్చివేయుటచే దీవి నేలతో కలిసిపోయినది, కుందేళ్లును పోయినవి, పేరు మాత్రము నిలిచినది. వస్తువు పోయి పేరు నిలుచుట ఆ ఊరికి అప్పటినుండియే అలవాటైనదేమో యనిపించును.

ఆ ఇసుకతీరమున 1884లో లామార్కస్ థాంప్సన్ అను నతడు కొయ్యతో ఎత్తుపల్లములు కట్టి, వానిపై పట్టాలు పరచి, జారుబండి నొకదానిని నడపెను. గంటకు ఆరు మైళ్ల వేగము; ఎక్కుటకు ఐదు సెంట్ల రుసుము. కొండలెక్కి లోయలలో దూకు నేటి రోలర్ కోస్టర్లకు అమెరికాలో దీనినే తొలిమెట్టుగా గణింతురు. 1895లో పాల్ బాయ్‌టన్ అనునతడు చుట్టును ప్రహరి కట్టి, వాకిట రుసుము తీసికొని లోనికి పంపు వినోదోద్యానమును స్థాపించెను. 1897లో జార్జి టిల్యూ స్టీపుల్‌చేజ్ పార్కును, 1903లో ఫ్రెడరిక్ థాంప్సన్, డండీ అను భాగస్వాములు లూనాపార్కును, 1904లో రేనాల్డ్స్ డ్రీమ్‌లాండును తెరచిరి. విద్యుద్దీపము ఇంకను వింతగా నుండిన దినములవి. లూనాపార్కులో రెండున్నర లక్షల దీపములని, డ్రీమ్‌లాండులో పది లక్షలని ప్రకటనలు వెలువడెను. ప్రకటనలోని లెక్కను సగమునకు తగ్గించి చదువుకొన్నను, చీకటిలో సముద్రముమీదుగా వచ్చువారికి ఆ దృశ్యము దివ్యముగనే తోచియుండును.

1906లో ఆ దీపములను చూచినవారిలో మాక్సిమ్ గోర్కీ ఒకడు. తెలుగు పాఠకులకు చిరపరిచితమైన ‘అమ్మ’ నవలను ఆయన అమెరికాలో వ్రాయుచుండినది ఆ సంవత్సరముననే. కోనీ ఐలండ్‌ను గూర్చి ఆయన రచించిన వ్యాసమునకు పెట్టిన పేరు ‘విసుగు’. దూరమునుండి కనిపించిన వెలుగునకు ఆయన ముగ్ధుడయ్యెను. దగ్గరకు పోయి ఆ వినోదములను చూచినపిమ్మట, శ్రమజీవిని మభ్యపెట్టి మత్తులో నుంచు సాధనములని వానిని ఈసడించెను. మహారచయిత మాటను త్రోసివేయుట సాహసమే. ఐనను ఆ శ్రమజీవులు ఆరుదినములు ఎట్టి కొట్లలో, ఎట్టి యిరుకుగదులలో గడపి ఏడవనాడు అచ్చటికి వచ్చిరో ఆలోచించినచో, వారిపై అంత కాఠిన్యము అవసరము లేదు.

ఏలయన, కోనీ ఐలండ్ బీదవాని విహారభూమి. 1920 నాటికి నగరపు రైలుమార్గము అచ్చటిదాక వచ్చెను. మహానగరములో ఏ మూలనుండియైనను ఐదు సెంట్ల నాణెము, అనగా ఒక నికెల్, ఇచ్చినచో సముద్రము చెంతకు చేరవచ్చును. 1916లో నేథన్ హాండ్‌వెర్కర్ అను వలసదారు తెరచిన దుకాణములో హాట్‌డాగ్ వెలయు ఐదు సెంట్లే. ఆ కారణముననే దానికి ‘నికెల్ సామ్రాజ్యము’ అను బిరుదు వచ్చినది. యూదులు, ఇటాలియనులు, ఐరిషువారు మొదలైన వలసకుటుంబములు పిల్లలతో, అన్నపుమూటలతో రైలు దిగెడివారు. మన తీర్థములలో రంగులరాట్నము చుట్టు మూగు జనమును ఎరిగినవారికి ఆ దృశ్యమును ఊహించుట కష్టము కాదు; ఒక్క దేవుడు మాత్రమే అచ్చట తక్కువ.

ఆ దశాబ్దముననే, నేటివారు ప్రాణముగా చూచుకొను కట్టడములు లేచినవి. 1920లో వండర్ వీల్ అను నూటయేబది అడుగుల చక్రము తిరుగ నారంభించెను. దానికి ఇరువది నాలుగు పెట్టెలు. వానిలో ఎనిమిదే అంచునకు బిగింపబడి స్థిరముగా నుండును. తక్కిన పదునారును చక్రము తిరుగుకొలది లోపలి పట్టాలపై ముందునకు వెనుకకు జారుచుండును. మొదటిసారి ఎక్కినవారు పెట్టె ఊడిపోయినదనియే కేకలు వేయుదురు. 1923లో తీరము వెంబడి కొయ్యపలకల బాట వెలసినది. 1925లో థండర్‌బోల్ట్, 1926లో టోర్నాడో, 1927లో సైక్లోన్ అను మూడు రోలర్ కోస్టర్లు ఒకదానికొకటి కూతవేటు దూరమున లేచెను. పిడుగు, సుడిగాలి, తుపాను అని వాని పేర్లకు అర్థము. ప్రకృతిలోని భయములను మూడు కొయ్యకట్టడములకు అంటగట్టి, ఆ భయమును చిల్లరకు అమ్మిరన్నమాట.

తీరములందు కొయ్యతో కట్టిన వానికి అగ్నిభయము సహజము. 1907లో స్టీపుల్‌చేజ్ కాలిపోయెను. మరునాడే టిల్యూ ఆ వాకిట బోర్డు కట్టించి, కాలుచున్న శిథిలములను చూచుటకు పది సెంట్లు రుసుమని ప్రకటించెను! మనిషి గుండె అట్టిది. మరుసటి సంవత్సరమునకే ఇనుము, గాజులతో ‘వినోద మంటపము’ను నిర్మించి, వాన కురిసినను ఆట ఆగని ఏర్పాటు చేసెను. 1911 మే నెలలో డ్రీమ్‌లాండ్ తగులబడెను. ‘నరకద్వారము’ అను ఆటలో కారుచున్న తొట్టికి తారుపూయుచుండగా మంట పుట్టినదట. ఆ పేరు పెట్టినవారు ఇంతటి యాథార్థ్యమును కోరియుండరు. అది మరల లేవలేదు. 1944లో లూనాపార్కు కాలిపోయెను. అదియును లేవలేదు. ఆ స్థలమున 1960ల ఆరంభమున కట్టిన బహుళాంతస్తుల గృహసముదాయమునకు పేరు మాత్రము ‘లూనాపార్కు’ అనియే పెట్టిరి.

ఇచ్చట గమనింపదగిన భేద మొకటి కలదు. నిప్పు ఒకసారి వచ్చి కాల్చి పోవును. తరువాత ఏమి చేయవలయునను నిర్ణయము మనిషి చేతిలో నుండును. టిల్యూ వంటివాడున్నచో బూడిదపై మరల కట్టును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట కోనీ ఐలండ్‌కు వచ్చిన ఆపద వేరు. అది నేల విలువ. ఆటవస్తువు ఏటేట తెచ్చు రాబడికన్న, దానిని పీకివేసిన ఖాళీ స్థలము మున్ముందు తేగల రాబడి అధికమని యజమాని లెక్కవేసిన క్షణముననే ఆ ఆటవస్తువు మరణించినట్లు. కూల్చుట పిమ్మటి తంతు మాత్రమే.

ఈ లెక్కకు తోడ్పడిన కారణములు పెక్కు. కారులు వచ్చి జనము దూరపు తీరములకు పోసాగిరి, ఇండ్లలో చల్లని గాలి యంత్రములు వెలసెను, టెలివిజన్ వచ్చెను. నగర నిర్మాణములపై చిరకాలము పెత్తనము చేసిన రాబర్ట్ మోజెస్ ఈ చవుకబారు సందడిని సహింపలేక, అచ్చట గృహములను, ఉద్యానములను తీర్చవలెనని పట్టుబట్టెను. 1957లో డ్రీమ్‌లాండ్ పాతస్థలమున నగరపు మత్స్యప్రదర్శనశాల వెలసినది. పాతయిండ్లను తొలగించి ఎత్తైన ప్రభుత్వగృహములను కట్టిరి.

ఇక స్టీపుల్‌చేజ్ కథ. దాని పేరునకు కారణమైన ఆట కొయ్యగుర్రముల పందెము. ఒరుసుకొని సాగు పట్టాలపై గుర్రములు వరుసగా నిలిచియుండగా, జంటలు వానినెక్కి మంటపము చుట్టును పరుగెత్తించెడివారు. దిగిన తరువాత బయటికి పోవు దారి ఒక రంగస్థలము మీదుగా నుండెను. అది తెలియక అడుగుపెట్టిన స్త్రీల దుస్తులను నేలలోనుండి వచ్చు గాలి పైకెగురగొట్టగా, ఎదుట కూర్చున్నవారు విరగబడి నవ్వెడివారు. ఈ పరిహాసము సంస్కారవంతమైనదని వాదించుటకు వీలు లేదు. పోయినదంతయు మేలిమి బంగారమని చెప్పుకొనుట స్మృతికి గల జబ్బు. ఐనను ఆ మంటపము ముఖభాగమున గాజుపై చిత్రించిన, నోరంతయు పండ్లు చేసికొని నవ్వు ముఖము మూడు తరముల బాల్యములకు గుర్తు.

1964 సెప్టెంబరులో ఆ పార్కు కడపటిసారి మూతపడెను. మరుసటి సంవత్సరము ఫ్రెడ్ ట్రంప్ అను గృహనిర్మాణ వ్యాపారి, తరువాతికాలమున అమెరికా అధ్యక్షుడైన డొనాల్డ్ ట్రంప్ తండ్రి, ఆ స్థలమును కొనెను. ఎత్తైన నివాసభవనములు కట్టుట అతని సంకల్పము. ప్రాచీన కట్టడములను కాపాడు శాసనము న్యూయార్కులో 1965లోనే అమలునకు వచ్చియున్నది. ఐనను స్టీపుల్‌చేజ్‌కు ఆ రక్షణ కలుగలేదు. 1966 సెప్టెంబరు 21న అతడచ్చట ఒక విందు చేసెను. అతిథులను పిలిచి, చేతికి ఇటుకలిచ్చి, ఆ గాజుముఖమును పగులగొట్టుడని ఆహ్వానించెను. పిమ్మట యంత్రములు వచ్చి మిగిలినదానిని నేలమట్టము చేసెను.

టిల్యూ శిథిలములను చూపి పది సెంట్లు తీసికొన్నాడు. ఇతడు శిథిలము చేయుటనే వేడుకగా చూపినాడు. మొదటివాని హాస్యములో రేపటి ఆశ యున్నది. రెండవవాని వేడుకలో నున్నదేమియో చెప్పుట కష్టము. ఏలయన, అతడనుకొన్న భవనములును లేవలేదు. ఆ స్థలము వినోదమునకు ప్రత్యేకింపబడినది. గృహములకై నిబంధనను మార్చుటకు నగరము సమ్మతించలేదు. కొద్ది యేండ్లకు నగరమే ఆ స్థలమును అతనినుండి కొనెను. అద్దెకు తీసికొన్నవారు కొంతకాలము చిన్న చిన్న ఆటలు నడపిరి. అంతకు మించి 2001లో బేస్‌బాల్ క్రీడాంగణము తెరచువరకు, అనగా ముప్పదియైదేండ్లు, అచ్చట శాశ్వతమైనదేదియు కట్టబడలేదు. కూల్చుటకు ఎంత తొందర! కట్టుటకు ఎంత తీరుబడి!

థండర్‌బోల్ట్ కథ ఇంతకన్న విచిత్రమైనది. ఆ రోలర్ కోస్టర్‌ను కట్టునాటికి ఆ స్థలమున పాత హోటలు భవన మొకటి యుండెను. దానిని పడగొట్టక, ఇనుపకంబములను దాని గోడలగుండనే దింపి, పట్టాలను ఇంటికప్పు మీదుగా నడపిరి. ఆ ఇంటిలో మనుష్యులు కాపురముండిరి. బండి పోయినప్పుడెల్ల ఇల్లు వణకెడిది. 1977లో వచ్చిన ‘ఆనీ హాల్’ చలనచిత్రములో కథానాయకుడు తాను పుట్టి పెరిగిన యిల్లని చూపునది దీనినే. ప్రేక్షకులు దానిని కల్పనయనుకొని నవ్విరి. అచ్చట నిజముగా కాపురమున్న వారికది నిత్యానుభవము. 1982లో బండ్లు ఆగినవి. తరువాత దానిని కొన్న యజమాని స్టీపుల్‌చేజ్‌ను తిరిగి నిర్మింపవలెనని కలలు కనెను, అవి సాగలేదు. తీగలు అల్లుకొని కొయ్య పచ్చబడి, పద్దెనిమిది యేండ్లు అది శిథిలముగానే నిలిచినది. ప్రక్కనే క్రీడాంగణము లేచుచుండగా, 2000 నవంబరులో నగరపాలకులు అపాయకరమను కారణమును చూపి, యజమాని సమ్మతి లేకయే, దానిని కూల్పించిరి. అంత హఠాత్తుగా కూల్చుటకు తగిన హేతువు లేదని 2003లో న్యాయస్థానపు జూరీ తీర్పు చెప్పినది. తీర్పు యజమానికి వచ్చినది. పిడుగు మరల రాలేదు.

అదే ఊరిలో, అవే దినములలో, సైక్లోన్ ఎట్లు మిగిలినదనునది సహజమైన ప్రశ్న. దానికిని మరణశాసనము వ్రాయబడియే యుండెను. నగరము పది లక్షల డాలర్లకు దానిని కొనినది నడపుటకు కాదు. మత్స్యప్రదర్శనశాలను విస్తరింప దానిని తొలగించుటకే. కాని ఈసారి ఊరివారు, అభిమానులు ఊరకుండలేదు. 1975లో సమీపమునందలి ఆస్ట్రోలాండ్ ఉద్యానమువారు దానిని కవులునకు తీసికొని, బాగుచేసి, ఆ జూలైలో మరల నడపిరి. ఎనుబదియైదు అడుగుల ఎత్తునుండి గంటకు అరువది మైళ్ల వేగమున దూకు ఆ బండి 1988లో రక్షిత కట్టడమైనది. అంతలోపల టోర్నాడో 1977లో కాలిపోగా తీసివేయబడినది. ముగ్గురు తోబుట్టువులలో మిగిలినది తుపాను ఒక్కటియే.

వండర్ వీల్‌ను కాపాడినది ఒక వాగ్దానము. గ్రీసుదేశమునుండి వలసవచ్చి హాట్‌డాగులమ్మి జీవించిన డీనో వర్డెరిస్, ఆ చక్రమును ఎన్నడైనను నీకు కొనిపెట్టుదునని యౌవనమున భార్యతో అనెనట. 1983లో కొనెను. ఎట్టి వ్యాపారసూత్రమునకును అందని కొనుగోలు అది. ఆనాడు ఆ తీరమున పెట్టుబడి పెట్టువాడు వెఱ్ఱివాడని లోకము. 1989లో ఆ చక్రమునకును, దూరమున నిలిచిన పారాషూట్ గోపురమునకును నగరరక్షణ లభించెను. ఆ గోపురము 1939 విశ్వప్రదర్శనము కొరకు కట్టబడి, 1941లో స్టీపుల్‌చేజ్‌కు తరలింపబడినది. దానికి 1977లో ఇచ్చిన రక్షణను ఆ యేటనే రద్దుచేసి, పండ్రెండేండ్లకు మరల ఇచ్చిరి. ఇప్పుడందుండి పారాషూట్లు దిగవు. రాత్రులందు దీపములు మాత్రము వెలుగును.

ఇరువదియొకటవ శతాబ్దమున నేల విలువ మరల మేల్కొనెను. థోర్ ఈక్విటీస్ అను వ్యాపారసంస్థ అచ్చటి స్థలములను ఒక్కొక్కటిగా కొనుచు, హోటళ్లతో, అంగళ్లతో మెరయు నవనగరపు చిత్రపటములను ప్రదర్శించినది. 1962నుండి నడచుచుండిన ఆస్ట్రోలాండ్ స్థలమును 2006లో కొన్నది. 2008 సెప్టెంబరు 7న ఆస్ట్రోలాండ్ తుదిసారి దీపములార్పెను. మార్పు కోరినవారి పక్షమునను న్యాయము లేకపోలేదు. వినోదశాలలు వేసవి మూడు నెలలే నడచును. తక్కిన తొమ్మిది నెలలు ఆ ఊరివారికి పని కావలెను, ఇండ్లు కావలెను. పాతచక్రమును చూచి కన్నీరు పెట్టుకొను యాత్రికుడు సాయంకాలపు రైలెక్కి పోవును. చీకటిపడిన ఖాళీస్థలముల ప్రక్కన నివసింపవలసినవాడు స్థానికుడు. ఈ మాటను పక్కకు నెట్టి వ్రాయు స్మృతివ్యాసములు సగము సత్యమే పలుకును.

కాని ఆ తొమ్మిది నెలల పనికొరకే కూల్చిరా యని చూచినచో సమాధానము సంతృప్తికరముగా లేదు. 2009లో నగరసభ క్రొత్త భూవినియోగ నిబంధనను ఆమోదించి, వినోదభూమికి కొంత చోటు నిలిపి, దాని అంచులందు ఎత్తైన హోటళ్లకు అనుమతినిచ్చెను. ఆ యేడే నగరము థోర్ సంస్థనుండి సుమారు ఏడెకరములను తొమ్మిదికోట్ల యేబదియారు లక్షల డాలర్లకు కొనెను. మిగిలిన తన స్థలములలోని పాతభవనములను ఆ సంస్థ 2010లో పడగొట్టించినది. వానిలో హెండర్సన్ సంగీతశాల యొకటి. మార్క్స్ సోదరులలో హార్పో తొలిసారి రంగమెక్కిన చోటది. 1923నాటి కోనీ ఐలండ్ బ్యాంకు భవనము మరియొకటి. హోటలు వచ్చునన్న మూలన పిమ్మట లేచినది ఒంటి అంతస్తు దుకాణముల వరుస.

నగరము కొన్న భాగమున మాత్రము 2010 వేసవిలో క్రొత్త వినోదోద్యాన మొకటి తెరచిరి. దానికి పెట్టిన పేరు లూనాపార్కు! 2014లో ఉక్కుతో కట్టిన నూతన రోలర్ కోస్టర్‌కు పేరు థండర్‌బోల్ట్. పిల్లలు ఆనందింతురు, సందేహము లేదు. పాతవారు ఆ పేరు వినినప్పుడు ఒకింత తబ్బిబ్బగుదురు. చనిపోయిన తాత పేరును మనుమనికి పెట్టిన యింటిలో వలె.

పేరుతోపాటు వస్తువును నిలిచిన సందర్భ మొకటి చెప్పవలసియున్నది. అచ్చటి ‘బి అండ్ బి’ రంగులరాట్నములో చార్లెస్ కార్మెల్ అను శిల్పి చెక్కిన కొయ్యగుర్రములు కలవు. యజమానులు దానిని అమ్మనెంచగా, గుర్రములు విడివిడిగా సంపన్నుల యిండ్లలోనికి అలంకారములై పోవలసిన పరిస్థితి వచ్చెను. 2005లో నగరము పదునెనిమిది లక్షల డాలర్లిచ్చి రాట్నమును మొత్తముగా కొనెను. గుర్రములను ఒహాయో రాష్ట్రమునకు పంపి, దశాబ్దములుగా ఒకదానిపై నొకటి పూసిన రంగుల పొరలను తీయించి, తొలినాటి రూపము తెప్పించిరి. 2012 అక్టోబరున శాండీ తుపాను ఊరిని ముంచెత్తినది. మరుసటి వేసవిలో, అనగా 2013లో, స్టీపుల్‌చేజ్ పాతస్థలము చెంతనే ఆ రాట్నము మరల తిరిగెను.

2025లో ఆ తీరమున జూదగృహము కట్టవలెనను ప్రతిపాదన విచారణకు వచ్చినది. థోర్ సంస్థయు అందులో భాగస్వామి. ఉద్యోగములు వచ్చునని కొందరు, ఊరు చెడునని కొందరు సభలలో వాదించిరి. సెప్టెంబరులో స్థానిక సలహాసంఘము దానిని త్రోసిపుచ్చెను.

ఈ వివాదమునకు ముందే, 2020 మే నెలలో, వండర్ వీల్‌కు నూరేండ్లు నిండినవి. ఉత్సవమునకు ఏర్పాట్లు చేసికొన్నవారికి మహమ్మారి అడ్డుపడెను. ఆ వేసవి యంతయు చక్రము జనమును ఎక్కించుకొనలేదు. 2021 ఏప్రిల్ నెలలో డీనో వంశీయులు తలుపులు తెరచిరి. జనము ముసుగులు ధరించి, దూరదూరముగా వరుసలో నిలిచి, ఒక్కొక్క పెట్టెలోనికి ఎక్కసాగిరి. స్థిరమైన పెట్టెలకు ఒక వరుస. జారు పెట్టెలకు వేరొక వరుస.